మొదటి బాన

వైశాఖ శుద్ధ తదియ

డాక్టరమ్మా, మీరు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నడుము మీద ఈ పట్టీ అంటించి, ఒంట్లో ఎలా ఉందో తోచినప్పుడల్లా ఈ అద్దం పలక మీద వేలితో రాసిపెట్టమన్నారు. వచ్చే అమావాస్యకు మీ ఆసుపత్రి పడవ మా ఇసకతిన్నెకు వచ్చినప్పుడు చూస్తామన్నారు. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

ఏమని చెప్పను! ఇవాళ పొద్దున చాప మీద నుంచి లేచాను. అంతే, లేచాను! గోడ పట్టుకోలేదు. ‘అమ్మా’ అనలేదు. మోకాళ్ళలో గవ్వలు నూరుతున్నట్టుండే ఆ చప్పుడు ఉంది గానీ, నొప్పి లేదు. చప్పుడు వింటూ నాలో నేనే నవ్వుకున్నాను. మా ఇల్లు గుంజల మీద ఉంటుంది కదా, నిచ్చెన దిగాను, మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. మా అమ్మాయి శేషారత్నం పైనుంచి తొంగి చూసింది.

“ఏంది నాన్నా ఆ గంతులు? పోటు నీళ్ళు మెట్టు దాకా ఉన్నయ్, జారితే ఎవురు లేపాలి?”

“నేనే లేస్తా!” అన్నాను.

దాని కోసమే కదా ఈ గంతులు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు నా తల్లి కడుపుతో ఉంది, ఏడో నెల. మొన్న అమావాస్యకు మీరే దాని రక్తపోటు చూసి, “ఉప్పు తగలకూడదు, తాగే నీళ్ళు తియ్యగా ఉండాలి, లేకపోతే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం” అన్నారు. ఆ మాట వినగానే అనుకున్నాను, నా బిడ్డ తాగే నీళ్ళు నేనే తోడాలి. మోకాళ్ళు మొరాయించి ఏతం దిగిపోయి అప్పటికి మూడు నెలలు. చాప ఒక్కటే మిగిలింది. ఏతం దిగినవాళ్ళకు మా దగ్గర మర్యాదకు లోటు లేదు, వేళకు తిండి, వేళకు పలకరింపు. కానీ చాప ఎక్కినవాడు చాప దిగగా నేను చూడలేదు.

అందుకే మీ చేతులు పట్టుకుని అడిగాను. మీరు పట్టీ ఇచ్చి, “పనిలోకి వెళ్ళేటప్పుడు వేసుకోండి, రాగానే తీసెయ్యండి” అన్నారు. సరే అన్నాను. మీ పడవ చల్లగా ఉండాలి.

వైశాఖ శుద్ధ పంచమి

మాను ఎక్కాను డాక్టరమ్మా! ఎక్కాను!

మీరు పడవ మనిషి, మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మాను అంటే ఏతానికుండే పొడుగాటి తాటి దూలం. స్తంభం మీద త్రాసులాగా ఊగుతుంది. ఒక కొసన గడకు బాన వేలాడుతుంది. దూలం మీద దొరువు వైపు నడిస్తే బాన దిగుతుంది, వెనక్కి నడిస్తే లేస్తుంది. దొరువంటే ఇసకలో తవ్విన గుంట. అందులో పైపైన జానెడు మందాన తీపి నీళ్ళు, దాని కింద సముద్రమే. మోటారు పెడితే ఉప్పు ఎగదన్నుకొస్తుంది. మా తాతల కాలంలో ఒక దొరువు అలాగే పోయింది. పడుచువాళ్ళు తొక్కినా అంతే. వాళ్ళ అడుగు బరువు, తొందరెక్కువ. అందుకని మా తిన్నె మీద అరవై దాటాకే మాను ఎక్కనిస్తారు. పడుచువాళ్ళు సముద్రపు కట్టకు రాళ్ళు మోస్తారు, ముసలివాళ్ళం నీళ్ళు తోడతాం. రోజూ ఆ నాలుగడుగులు వేస్తేనే మా నడుములు నిలబడ్డాయి.

మాను మీద ఉన్నవాడు కిందికి చూడకూడదు, కళ్ళు తిరుగుతాయి. చూపు సముద్రం మీద, చేయి పక్కనున్న వెదురు దడి మీద. బాన నీళ్ళను తాకినప్పుడు అరికాల్లో చిన్న జలదరింపు తెలుస్తుంది. దాన్ని మేము పలుకు అంటాం. పలుకు అందిందా, వెనక్కి తిరగాలి. అప్పుడు బాన పైనున్న తీపినే ముంచుకుని లేస్తుంది.

కింద బాన ఒంపేది బీబమ్మ. నాకంటే రెండేళ్ళు చిన్న, నోరు మాత్రం ఇరవై ఏళ్ళు పెద్ద.

“వచ్చావా మస్తానన్నా! నువ్వింక చాపకే అనుకొని నీకు దిండు కుడదామని దూది కూడా తెప్పించా.”

“ఆ దూది నీ నోట్లో కుక్కుకో బీబమ్మా, తిన్నె మీద అందరూ హాయిగా నిద్రపోతారు.”

బిందెలతో నిలబడ్డవాళ్ళు ఒకటే నవ్వు. ఆ నవ్వుల మధ్య తొక్కాను. పలుకు అందింది, మెత్తగా, పిల్లి మూతి ఆనించినట్టు. మొదటి బాన లేచింది. మొదటి బాన తొక్కినవాడే తాగాలి, అది మా కట్టుబాటు. దిగొచ్చి దోసిలి పట్టి తాగి, గట్టిగా “తీపి!” అని కేక పెట్టాను. ఆ కేక పడితేనే బిందెలు కదులుతాయి. ఒకసారి కేక పడ్డాక ఇంకెవరూ నోరెత్తరు. తొక్కినవాడి నాలుకే తిన్నెకంతటికీ నాలుక.

శేషారత్నం బిందె అన్నిటికంటే ముందు నింపాను. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. నవ్వినా ఆగలేదు.

వైశాఖ శుద్ధ నవమి

ఒక విషయం మీకు చెప్పకుండా దాచడం ఎందుకు? పట్టీ ఇంటికి రాగానే తీయడం లేదు. మొదటి రోజు తీశాను. తీసిన కాసేపటికి రెండు మోకాళ్ళూ కూడబలుక్కుని అరిచాయి. మళ్ళీ అంటించుకున్నాను. హాయిగా ఉన్నదాన్ని తీసి బాధను పిలుచుకోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు. పనికొచ్చేదే అయితే రోజంతా పనికొస్తుంది కదా. ఇప్పుడు నిద్రలో కూడా ఉంటోంది. నిద్ర ఎంత బాగా పడుతోందో చెప్పలేను. పక్క మీద పడ్డానా, తెల్లారిందా, అంతే.

ఇవాళ మిట్టమధ్యాహ్నం ఇసక మీద చెప్పుల్లేకుండా నడిచి వచ్చాను. చురుక్కుమనలేదు! మా అల్లుడు జక్రయ్య కట్ట పని నుంచి వస్తూ ఒక నీడ నుంచి ఇంకో నీడకు కప్పలాగా గెంతుతుంటే, నేను పెళ్ళికొడుకులాగా నిదానంగా నడిచాను.

“మామా, నీ కాళ్ళు కాళ్ళా పెనాలా?” అన్నాడు.

ఇంట్లో ఉప్పు మానేశాం. అమ్మాయి ఒక్కతే చప్పిడి తింటుంటే నాకు ముద్ద దిగదు, అందుకని నేనూ దానితో పాటే. జక్రయ్యకు మాత్రం ఎండు చేప వేరే పెడుతుంది. మొదట్లో ఆ చప్పిడి కూడు నోటికి సయించేది కాదు. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. పులుసు పోసుకున్నా, పచ్చిమిరపకాయ కొరికినా ఒకటే. ఈ వయసులో నాలుకను అదుపులో పెట్టుకోవడం ఎంత మంచిదో మీరే కదా చెప్పారు. అలవాటైపోయింది.

వైశాఖ శుద్ధ త్రయోదశి

రెండు రోజులుగా పలుకు సరిగా అందడం లేదు. పొద్దున్నే మాను మీద నిలబడి చాలాసేపు చూశాను. బాన తాకిందో లేదో అరికాలు చెప్పలేదు. “ఏంది, నిద్రపోయావా పైన?” అని బీబమ్మ కేకేసింది. అటూ ఇటూగా తిరిగాను. బాన సరిగ్గానే లేచింది.

పాత దూలం కదా, ఎండకు ఆరి పలుకు తగ్గిందనుకున్నాను. దానికి నేనో ఉపాయం చేశాను, వింటే మీరు మెచ్చుకుంటారు. బాన ముంచడానికి ఎక్కడి దాకా నడవాలో ఆ చోట వెదురు దడికి పాత వలతాడు ముక్క ముడి వేశాను. ముడి దగ్గరికి రాగానే వెనక్కి తిరుగుతాను. పలుకుతో పనే లేదు! అడుగులు చకచకా పడుతున్నాయి.

“ఆ ముడేంది మస్తానన్నా?”

“కొత్త పద్ధతి.”

“మీ నాయన తొక్కాడు, మా అత్త తొక్కింది. ఎవురికీ ముడి పడలా.”

“వాళ్ళకు బుర్ర లేదు, నాకుంది” అన్నాను. బీబమ్మ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో అప్పుడు పట్టించుకోలేదు. నేను నవ్వాను.

వైశాఖ పున్నమి

పోటు బాగా వచ్చింది. మెట్లన్నీ మునిగి సముద్రం మా నేల చెక్కల కిందికి వచ్చి తడుతోంది. పున్నమికి దొరువులో నీళ్ళు కూడా పైకి వస్తాయి, కింద సముద్రం లేస్తే దాని మీద తేలే తీపి కూడా లేస్తుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. ముడి దగ్గరికి నడిచాను, తిరిగాను. నడిచాను, తిరిగాను.

“లోతు పోతంది!” అని బీబమ్మ కింది నుంచి రెండుసార్లు అరిచింది. ఎప్పుడూ అరిచేదే కదా.

దిగి మొదటి బాన తాగాను. “తీపి!” అన్నాను. కేక బాగా వచ్చింది.

బిందెల దగ్గర ఎవరో “పున్నమి కదా, కట్ట కాస్త కారుతుంది” అన్నారు. ఎవరో ఉమ్మారు. నేను ఇంకో దోసిలి తాగి చూశాను. నాకేమీ తేడా లేదు.

సాయంత్రం శేషారత్నం కాళ్ళు చాపుకుని కూర్చుంది. మట్టెలు వేళ్ళలోకి దిగబడ్డాయి. “ఏడో నెల కదా నాన్నా, అందరికీ ఉండేదే” అంది. అవును, అందరికీ ఉండేదే. దాని కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని ఒత్తాను. నా చేతుల కింద ఏదో ఉంది అని మాత్రం తెలిసింది. చేతులకు మందంగా మైనం పూసుకుంటే ఎలా ఉంటుందో అలా. చాలాసేపు ఒత్తాను.

“నీళ్ళు బాగా తాగమ్మా. నేను తోడినవి” అన్నాను. చెంబెడు తాగింది, నా కోసం.

వైశాఖ బహుళ తదియ

బాగున్నాను. నడుస్తున్నాను. తింటున్నాను. నిద్రపోతున్నాను.

ఇవాళ పొద్దున అమ్మాయి ఒక్కసారిగా, “నాన్నా! రా, తొందరగా రా! చెయ్యి పెట్టు, చెయ్యి పెట్టు!” అని పిలిచింది. నా చేయి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. దాని ముఖం వెలిగిపోతోంది.

“తన్నింది! తెలిసిందా?”

“తెలిసింది.”

“ఇదిగో మళ్ళీ! అబ్బ! ఎంత గట్టిగా తన్నిందో చూడు!”

“అబ్బో” అన్నాను.

నా చేయి చీర మీద ఉంది. చీర కదలడం కంటితో చూశాను. పొద్దుటెండ దాని ముంగురుల మీద పడుతోంది. కింద నీళ్ళు గుంజలకు తగిలి చప్పుడవుతోంది. ఇన్నేళ్ళు దేని కోసం మొక్కుకున్నామో అది నా అరచేతి కింద ఉంది.

చాలా సంతోషం వేసింది అని రాస్తున్నాను. వేయాలి కదా. ఆ మాట రాసి, ఇప్పటి దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

వైశాఖ బహుళ అష్టమి

నీళ్ళు ఉప్పగా ఉన్నాయంటున్నారు. ఇప్పుడు పున్నమి పోటు కూడా లేదు. కట్ట ఎక్కడో కారుతోందని జక్రయ్యా వాళ్ళ జట్టూ రెండు రోజులుగా వెతుకుతున్నారు. ఎక్కడా చెమ్మ లేదట. నిన్న రాత్రి అన్నం దగ్గర వాడు తల వంచుకునే అన్నాడు.

“మామా, నువ్వు కేకేస్తే మేం తాగుతున్నం. కానీ నీళ్ళు ఉప్పే మామా.”

“నాకు తియ్యగానే ఉన్నాయి” అన్నాను. వాడు చెంబు ఎత్తి ఆ నీళ్ళే తాగాడు. మా కట్టుబాటు అలాంటిది.

ఇవాళ పని అయ్యాక తొట్టి దగ్గర నిలబడ్డాను. బీబమ్మ కొంగు దోపుకుని నా ముందుకు వచ్చింది. బిందెల వాళ్ళు ఇంకా ఉన్నారు.

“పున్నమి పోటుకు బాన మొత్తం మునిగిపోయి అడుగు ఉప్పు లేచింది మస్తానన్నా. కొస కనపడ్లా నాకు. ఎన్నిసార్లు అరవాలి?”

“ముడి దగ్గరే కదా తిరుగుతున్నాను.”

“నీళ్ళు ఒకరోజు పైనుంటయ్, ఒకరోజు కిందుంటయ్. నీ ముడి కదలదు గదా! పలుకు అందగానే తిరగాలి గానీ ముడేంది?”

“దూలం పాతబడింది. పలుకు రావడం లేదు.”

“దూలమా?” అంది. నా ముఖంలోకి చూస్తూ ఇంకా దగ్గరికి వచ్చింది. “నిన్న సాయంత్రం నువ్వు పోయినాక నేనెక్కి నిలబడ్డా. నాకు బాగానే పలికింది. సరే గానీ, శేషారత్నం ఎట్టుంది?”

“బాగానే ఉంది. కాస్త తలనొప్పి అంటోంది.”

“అల్లుడు?”

“కట్ట మీద.”

“రాత్రి ఏం కూర?”

“బీరకాయ. నీకెందుకు ఇప్పుడు నా కూర సంగతి?”

బిందెల వాళ్ళలో ఒక పిల్ల కిసుక్కున నవ్వి ఆగిపోయింది. బీబమ్మ నవ్వలేదు. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఎరిగినప్పటి నుంచీ బీబమ్మ కళ్ళలో నీళ్ళు చూడలేదు.

“కిందికి చూడు మస్తానన్నా.”

చూశాను. దాని మడమ నా కాలి వేళ్ళ మీద ఉంది. ఒళ్ళు బరువంతా వేసి నిలబడింది. నా బొటనవేలు గోరు పక్క నుంచి రక్తం వచ్చి ఇసకలోకి ఇంకుతోంది.

“వచ్చినకాడ్నుంచి తొక్కుతానే ఉన్నా” అంది. “ఒక్కసారి కూడా ‘కాలు తియ్యవే’ అనలేదు నువ్వు.”

తర్వాత అది కూర్చుని నా కాలు ఎత్తి చూసింది. అరికాల్లో గుల్ల ముక్క ఒకటి విరిగి ఉంది. చుట్టూ మాంసం తెల్లబారింది. అది ఎప్పుడు గుచ్చుకుందో నాకు తెలియదు. లాగేసింది. లాగడం చూశాను.

తొట్టిలో నీళ్ళు దోసిట్లోకి తీసుకుని తాగాను. పక్కనున్న పిల్లను అడిగాను.

“అమ్మా, ఇవి ఎట్లా ఉన్నాయి?”

ఆ పిల్ల బీబమ్మ వైపు చూసింది. “ఉప్పు, తాతా” అంది.

చేయి వెనక్కి పెట్టి పట్టీ పీకాను. దానితో పాటు చర్మం కొంచెం ఊడొచ్చింది. ఇంటి వైపు పరిగెత్తాను. పరిగెత్తగలిగాను.

శేషారత్నం గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇన్నాళ్ళుగా రోజూ చూస్తున్న ముఖమే. ఇవాళ చూశాను. కళ్ళ కింద ఉబ్బు, పెదవులు ఉబ్బు, చేతి గాజులు మణికట్టులోకి దిగిపోయి ఉన్నాయి. పక్కన చెంబు, నిండుగా.

“నాన్నా, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నయ్” అంది. “పగలు మిణుగురులు తిరుగుతయ్యా?”

చెంబు ఎత్తి నీళ్ళన్నీ సముద్రంలో పారబోశాను. జక్రయ్యను పిలవమని అరిచాను. వాడు చిన్న పడవ తెచ్చాడు. పొద్దు వాలకముందే అమ్మాయిని పడుకోబెట్టుకుని, మీ పడవ ఏ తిన్నె దగ్గరుంటే ఆ తిన్నెకు అని వెళ్ళిపోయాడు.

వైశాఖ బహుళ ఏకాదశి

కబురు లేదు.

మోకాళ్ళ నొప్పి తిరిగి వచ్చింది. ముందు కంటే ఎక్కువగా వచ్చింది. కానీ అరికాళ్ళు రాలేదు. చేతులు రాలేదు. నాలుక రాలేదు. వద్దన్నవి వచ్చాయి, రమ్మన్నవి రాలేదు.

దొరువు మీద తాటాకులు కప్పారు. ఉప్పు అడుగుకు దిగే దాకా దాన్ని కదపకూడదు. పక్క తిన్నె వాళ్ళు మనిషికి రెండు చెంబుల నీళ్ళు పంపిస్తున్నారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఎదురొచ్చినవాళ్ళు, “అమ్మాయి సంగతి తెలిసిందా?” అని అడుగుతున్నారు. తెలియలేదు అంటున్నాను.

ఏడవాలని కూర్చున్నాను. రాలేదు. లేచి ఇల్లు ఊడ్చాను.

వైశాఖ అమావాస్య

మీరు వచ్చారు. మీ పడవలో శేషారత్నం ఉంది, బతికి ఉంది. కడుపులో బిడ్డ కూడా. కాన్పు అయ్యే దాకా పడవ దిగడానికి వీల్లేదన్నారు. అయ్యాక కూడా, ఇక్కడి నీళ్ళు తీపెక్కితేనే దించుతామన్నారు.

మీరు ఈ పలక తీసుకుని మొదటి నుంచీ చదివారు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. చదవడం అయ్యాక నన్ను తిడతారనుకున్నాను. “రోజంతా ఉంచితే ఒంట్లో నరాలన్నీ మొద్దుబారతాయని నేను ఇంకా గట్టిగా చెప్పాల్సింది” అన్నారు. చెప్పారమ్మా, రాగానే తీయమనే చెప్పారు. నేనే వినలేదు.

రోజూ పొద్దున్నే తడి ఇసక మీద వట్టి కాళ్ళతో నడవమన్నారు. కొబ్బరి పీచుతో అరికాళ్ళు రుద్దమన్నారు. కాలి వేళ్ళతో గవ్వలు ఏరమన్నారు. చప్పిడి కూడు మానొద్దన్నారు. “వస్తాయా?” అని అడిగాను. “నడవండి” అన్నారు.

పలక మళ్ళీ నా చేతిలో పెట్టారు. దాంట్లో ఇంకేం రాయాలో నాకు తెలియడం లేదు.

జ్యేష్ఠ శుద్ధ దశమి

నడుస్తున్నాను. మోకాళ్ళు ఏడుస్తాయి, నడుస్తాను. బీబమ్మ ఎక్కడ దొరికితే అక్కడ నా వెంట పడుతోంది.

“వేలితో గవ్వ ఎత్తమంటే ఇసకంతా దున్నుతున్నావేంది? విత్తనాలు చల్లనా?”

“నీకు పని లేదా?”

“దొరువు మూస్తిరి, నాకేం పని? నిన్ను సతాయించడమే పని.”

దొరువు తెరిచాక ఇక మాను ఎక్కేది బీబమ్మే. నేను కింద బాన ఒంపుతాను. ఆ మాట నేనే అన్నాను. కూర్చుని చేసే పనే గానీ, చేతులూ నడుమూ ఆడుతూనే ఉంటాయి. అది పైకీ నేను కిందికీ. “నా కాళ్ళ కింద నువ్వుంటావు, జాగ్రత్త మరి” అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, “మొదటి బాన మాత్రం నువ్వే తాగాలి” అంది.

“నేనా? నా నాలుకా? తిన్నె వాళ్ళు ఒప్పుకుంటారా?”

“ఒప్పుకోక ఏం చేస్తరు? ఇన్నాళ్ళు ఉప్పు కూడు, ఎండు చేపలు తిని అందరి నాలుకలూ ఉప్పుకు అలవాటు పడ్డయ్, నాదీ అంతే. కాస్త ఉప్పున్నా తీపే అనుకుంటాం. ఇన్ని రోజులు కూట్లో ఉప్పు ముట్టనిది ఈ తిన్నె మీద నువ్వొక్కడివే. నీ నాలుక లేచిందంటే అంత పదునైన నాలుక ఇంకొకటి ఉండదు.”

“లేవకపోతే?”

“లేవకపోతే తెలవడంలా అని చెప్పు. తీపి అని మాత్రం అరవమాక.”

జ్యేష్ఠ బహుళ పాడ్యమి

జక్రయ్య తెడ్డు వేసుకుంటూ వచ్చాడు. దూరం నుంచే అరుస్తున్నాడు. నిన్న పున్నమి పూట మీ పడవలో కాన్పు అయింది. ఆడపిల్ల. నెల తక్కువ పిల్ల, రెండు దోసిళ్ళంత ఉందట. తల్లి లేచి కూర్చుందట.

అందరూ నన్ను పట్టుకుని ఊపేస్తున్నారు. నేను నవ్వుతున్నాను. లోపల ఇంకా ఆ మైనమే ఉంది. దాని వెనక ఎక్కడో, గోడ అవతల పెళ్ళి మేళం వాయిస్తున్నట్టు ఏదో వినపడుతోంది.

జ్యేష్ఠ అమావాస్య

ఇవాళ జరిగింది మీరు పడవ మీద నుంచి చూశారు. అయినా నా వైపు నుంచి రాస్తాను.

తాటాకులు తీశారు. తిన్నె తిన్నెంతా బిందెలతో వచ్చింది. మీ పడవ లంగరు వేసి ఉంది. అంచున శేషారత్నం నిలబడి ఉంది, చేతుల్లో చిన్న మూట. వాళ్ళిద్దరినీ దించడానికి జక్రయ్య చిన్న పడవ పక్కనే ఆనించి, తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు. వాడి కళ్ళు నా మీదే ఉన్నాయి. కేక పడితే దించుతాడు.

బీబమ్మ మాను ఎక్కింది. చూపు సముద్రం మీద పెట్టి, పిల్లిలాగా నాలుగడుగులు వేసింది. బాన నీళ్ళను ముద్దుపెట్టుకుని లేచింది. నేను ఒంపాను. అది దిగొచ్చి ముందు తను దోసిలి పట్టింది. చప్పరించింది.

“నాకైతే తీపే” అంది మెల్లగా. “నువ్వు తాగు.”

తాగాను. ఏమీ లేదు. తడి ఉంది, చల్లదనం ఉంది. అందరూ బిందెలు పట్టుకుని చూస్తున్నారు. ఇంకొక్క గుక్క తీసుకుని నోట్లోనే ఉంచుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు నాలుక అంచున, ఎడమ వైపు, సూది మొనంత చోట చిన్న చురుకు. పోయింది. మళ్ళీ వచ్చింది. అక్కడి నుంచి వెనక్కి పాకింది. ఆ రుచి పేరు గుర్తు రావడానికి నాకు కొంత సేపు పట్టింది.

గుక్క మింగి కళ్ళు తెరిచాను. పడవ అంచున నా కూతురు. మూటలో నా మనవరాలు, నేనింకా ముట్టుకోలేదు. బీబమ్మ నోటికి తీపే, తాగితే అందరూ తీపే అంటారు. నేను ఒక్క మాట అంటే అరగంటలో ఆ పిల్ల నా ఒళ్ళో ఉంటుంది.

“ఉప్పు!” అని కేక పెట్టాను.

నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. “ఉప్పు! ఉప్పుందమ్మా! ఉప్పగా ఉన్నాయి! నాకు తెలుస్తోంది!” అని అరుస్తూ ఆ తడి ఇసకలో చిందులు వేశాను. గుల్లలు గుచ్చుకున్నాయి. గుచ్చుకున్నాయి డాక్టరమ్మా, కుడి కాలికి! తిన్నె వాళ్ళు నాకు మతిపోయిందనుకున్నారు. బిందెలు బోర్లించి పెట్టుకుని నిలబడిపోయారు. బీబమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ నవ్వుతూ, “దూకమాక, మోకాళ్ళు పోతయ్ రా ముసలోడా!” అని తిడుతోంది.

మీరు పడవలోకి చెంబు తెప్పించుకుని, గాజు గొట్టంలో పోసి చూశారు. చూసి నా వైపు తల ఊపారు. కొద్దిగా ఉందన్నారు, బాలింతకు తగనంత. ఒక్క వాన పడితే తేలిపోతుందన్నారు.

జక్రయ్య తెడ్డు పక్కన పెట్టి తల వంచుకున్నాడు. లంగరు ఎత్తుతున్నారు. శేషారత్నం మూట విప్పి పిల్లను రెండు చేతులతో పైకెత్తి నాకు చూపించింది. ఇంత దూరం నుంచి ఎర్రగా ఒక పిడికిలి మాత్రం కనపడింది.

“నాన్నా! వాన పడగానే వస్తం!” అని అరిచింది.

పడవ కనుమరుగయ్యే దాకా ఒడ్డునే నిలబడ్డాను. మోకాళ్ళు రెండూ సలుపుతున్నాయి, కుడి అరికాలు మండుతోంది. ఆ నీళ్ళ ఉప్పు ఇంకా నా నాలుక మీదే ఉంది. ఉమ్మెయ్యబుద్ధి కాలేదు.